హింటర్‌గ్లోక్‌లో ఒకే ఒక్క పౌరుడు

హింటర్‌గ్లోక్ గ్రామ పౌరసత్వ సంఘం వారు బొండాడ భీమేశ్వరాన్ని అడిగిన మొదటి ప్రశ్న ఇది: "వేసవి మేతకు కొండెక్కిన మందలో మరణం సంభవించిన యేడు, ఆవులను కిందికి దించునప్పుడు వాటి తలలకు పువ్వులు కట్టెదరా, కట్టరా?"

"కట్టరండి," అన్నాడు భీమేశం. "ఆవు పోయినా కట్టరు, కాపరి ఇంట్లో మనిషి పోయినా కట్టరు. ఊరికే నడిపించుకొచ్చేస్తారు."

సంఘంలోని అయిదుగురు సభ్యులూ మొహామొహాలు చూసుకున్నారు. ఆ జవాబు సరైనదో కాదో వాళ్ళలో ముగ్గురికి తెలియదు. మిగతా ఇద్దరూ కాగితం వెనక్కి తిప్పి చూసుకుని, సరైనదే అని తేల్చారు.

హింటర్‌గ్లోక్ అంటే స్విట్జర్లాండులో ఒక కొండ మలుపు వెనకాల దాక్కున్న ఊరు. మన సినిమా పాటల్లో హీరోయిన్ పల్చటి చీర కట్టుకుని చలికి వణుకుతూ నవ్వే పచ్చిక ఉంటుంది చూశారూ, అలాంటి పచ్చిక ఒకటి ఆ ఊరి నెత్తిన ఉంది. పద్దెనిమిదేళ్ళ కిందట అలాంటి ఒక పాట కోసమే వెళ్ళిన యూనిట్‌తో వంటవాడిగా వెళ్ళాడు భీమేశం. ద్రాక్షారామం వాడు. పెళ్ళిళ్ళలో వెయ్యేసి విస్తళ్ళకు సరిపడా గంగాళాలు దించిన చెయ్యి. నాలుగో రోజున పాలు కొందామని పచ్చిక మీదున్న చీజ్ గుడిసెకు వెళ్తే, అక్కడ ఆలోయిస్ అనే పెద్దాయన మనిషి పట్టేంత రాగి గంగాళంలో పాలు కాస్తున్నాడు. "మంట ఎక్కువైంది బాబాయ్," అని తెలుగులోనే చెప్పి భీమేశం రెండు కట్టెలు బయటికి లాగాడు. ఆలోయిస్‌కి ఆ మాట అర్థం కాలేదు గాని ఆ పని అర్థమైంది. మరుసటి యేడు పర్మిట్ కాగితాలు పంపించి భీమేశాన్ని రప్పించుకున్నాడు. ఇంకో రెండేళ్ళకు భీమేశం భార్య తాయారు కూడా వచ్చి బడిలో పిల్లలకు భోజనం వండే పనిలో చేరింది.

అప్పటి నుంచీ ప్రతి వేసవీ ఊరి ఆవులు తొంభై ఆరూ కొండెక్కడం, వాటి పాలన్నీ భీమేశం చేతుల మీదుగా చీజ్ కావడం మామూలైపోయింది. ఆ కొండల్లో ఒక ఆచారముంది. సాయంత్రం వేళ కాపరి గుడిసె ముందు నిలబడి, పాలు వడగట్టే చెక్క గరాటును నోటికి పెట్టుకుని, ఆవుల్నీ మనుషుల్నీ కాపాడమని దేవుణ్ణీ పేరుపేరునా పునీతుల్నీ గొంతెత్తి పిలుస్తాడు. ఆ పిలుపు వినబడినంత మేరా మంద భద్రం అని నమ్మకం. ఆలోయిస్‌కు ఊపిరి చాలనప్పటి నుంచి ఆ పిలుపూ భీమేశమే పిలుస్తున్నాడు. అందరి పేర్లూ అయ్యాక గరాటు దించి, మెల్లిగా ద్రాక్షారామ భీమేశ్వరుణ్ణి కూడా కలిపేవాడు. ఆయనకు గరాటు అక్కర్లేదని భీమేశం ఉద్దేశం.

ఇప్పుడు ఆలోయిస్‌కు ఎనభై. మోకాళ్ళు పూర్తిగా పోయాయి. గుడిసె హక్కు భీమేశానికి అప్పగిద్దామనుకున్నాడు. కాని మేతబీడూ, గుడిసే ఊరి పౌరుల సొత్తు. పౌరుడు కానివాడు అక్కడ పాలు కాయవచ్చు, పేడ ఎత్తవచ్చు, ఆవులు ఈనుతుంటే పక్కన కూర్చోవచ్చు. గుడిసె మాత్రం తన పేర పెట్టుకోకూడదు. ఈ యేడు పౌరుడెవడూ తీసుకోకపోతే దాన్ని 'వారసత్వ చీజ్ అనుభూతి కేంద్రం'గా మార్చాలని సంఘం అధ్యక్షుడు హెర్ (అంటే మన 'శ్రీ') గీగర్ ముచ్చట. అందులో యాత్రికులు ప్లాస్టిక్ గంగాళంలో గరిటె తిప్పి ఫోటో దిగుతారు. ఆ మాట విన్న రోజు భీమేశానికి అన్నం సయించలేదు. మర్నాడే పౌరసత్వానికి అర్జీ పెట్టాడు.

నలభై ప్రశ్నలు అడిగారు. ఆదివారం పూట ఖాళీ సీసాలు డబ్బాలో ఎందుకు పడెయ్యకూడదు (చప్పుడవుతుంది గనక), మందలో ముందు నడిచే ఆవును ఎలా ఎంచుతారు, ఉమ్మడి బట్టలుతికే గదిలో ఎవరి వంతు ఏ రోజు. ఆఖరున గరాటు ఇచ్చి సాయంకాలపు పిలుపు పిలవమన్నారు. భీమేశం అలవాటు కొద్దీ కిటికీ వైపు తిరిగి మొదలుపెట్టేసరికి, వీధిలో పోతున్నవాళ్ళు టోపీలు తీసి నిలబడిపోయారు.

పది రోజులకు జవాబొచ్చింది.

"సదరు అర్జీదారు నలభై ప్రశ్నలకు నలభై సరైన సమాధానములు ఇచ్చియున్నారు. ఈ గ్రామమున పుట్టి పెరిగిన ఏ వ్యక్తియు ఇన్ని సరైన సమాధానములు ఇవ్వజాలడని సంఘము యొక్క దృఢాభిప్రాయము. కావున అర్జీదారు గ్రామ జీవనమున సహజరీతిని కలిసిపోలేదని నిర్ధారించి, అర్జీని తిరస్కరించడమైనది."

తాయారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివించుకుంది. "అంటే ఏంటండీ? అన్నీ కరెక్టుగా చెప్పినందుకు ఫెయిల్ చేశారా?"

"అంతేనే. బాగా చదువుకొచ్చాననుకున్నారు."

"మీరెక్కడ చదివారండీ? రోజూ చేసేదే కదా చెప్పారు!"

"అదే ఎక్కువైపోయిందంట."

ఆలోయిస్ మాత్రం ఊరుకోలేదు. కర్ర నేలకేసి కొట్టాడు. "పైవాళ్ళకు రాయి భీమ్. ఈ సెప్టెంబరు దాకా ఎలాగో ఒకలాగ నెట్టుకొస్తాను, ఆ తర్వాత ఈ మోకాళ్ళు నా మాట వినవు." భీమేశం రాశాడు. పైవాళ్ళంటే కాంటన్ ప్రభుత్వం. అక్కడ కాంటన్ అంటే మనకు రాష్ట్రం లాంటిది. కాంటన్ కార్యాలయం సంఘానికి తాఖీదు పంపింది: "స్థానికులకు జవాబులు తెలియవను మీ వాదనకు ఆధారములు జతపరచబడలేదు. మూడు మాసములలోగా సమర్పించవలెను."

హెర్ గీగర్ రోప్‌వే టికెట్ల తనిఖీ అధికారిగా రిటైరైన మనిషి. ముప్పై యేళ్ళ ఉద్యోగంలో టికెట్ లేనివాణ్ణి ఒక్కణ్ణీ కొండెక్కనివ్వలేదని ఆయన గర్వం. తాఖీదు చూసి బెదరలేదు సరికదా, ఊరందరినీ బడి హాలులో కూర్చోబెట్టి ఉపన్యసించాడు.

"సోదర సోదరీ పౌరులారా! మన గ్రామ గౌరవము నేడు మన అజ్ఞానముపై ఆధారపడియున్నది. మనము సహజముగా, స్వచ్ఛముగా, తరతరాలుగా ఏమియు తెలియనివారమని ఋజువు చేయవలసిన చారిత్రక ఘట్టమిది. అదే పరీక్షను రేపు మనమందరము వ్రాయుదుము. ఎవ్వరును చదువుకొని రారాదు."

ఎవరూ చదువుకుని రాలేదు. అసలా ప్రశ్నలు ఊరివాళ్ళు తయారుచేసినవి కావు. మూడేళ్ళ కిందట నగరం నుంచి ఒక కన్సల్టెన్సీ వాళ్ళు ఇద్దరమ్మాయిల్ని పంపించారు. ఊళ్ళో ఎవరిని ఏమడిగినా "ఏమో, పైన గుడిసెలో అడగండి" అన్నారు. వాళ్ళు గుడిసెకెళ్ళి, భీమేశం ఇచ్చిన మజ్జిగ తాగి, అతను చెప్పినవన్నీ రాసుకుని పోయారు. అవే అచ్చువేసి, బంగారు అంచు అట్టతో సంఘానికి పంపారు.

పరీక్ష మహా ప్రశాంతంగా జరిగింది. నూట నలభై రెండు మంది పౌరులు తలలు వంచుకుని కూర్చున్నారు. రొట్టెల దుకాణం నడిపే ఫ్రావ్ (అంటే శ్రీమతి) ఓడర్మాట్‌కు ఒక జవాబు ఖాయంగా తెలుసు. అయినా రాసింది కొట్టేసింది, ఊరి పరువు కోసం. హెర్ గీగర్‌కు పొరపాటున తొమ్మిది సరిపోయాయి. అతిశయం చూపిస్తున్నాడని వెనక బల్లవాళ్ళు గొణుక్కున్నారు. ఆలోయిస్ ఖాళీ కాగితం ఇచ్చేశాడు.

"నీకు అన్నీ తెలుసు కదా బాబాయ్! ఆ గరాటు పిలుపు నాకు నేర్పింది నువ్వే," అన్నాడు భీమేశం, నమ్మలేక.

ఆలోయిస్ నీళ్ళు నమిలాడు. "అందరూ ఖాళీగా ఇస్తున్నారు భీమ్. నేనొక్కణ్ణే కూచుని రాస్తుంటే బాగుండదు కదా."

గరిష్ఠ మార్కులు తొమ్మిది. ఊరంతా పండగ చేసుకున్నారు. పొడుగు కొమ్ముబూరలు తెచ్చి ఊదారు. హెర్ గీగర్ జవాబు పత్రాలన్నీ ఎర్ర రిబ్బనుతో కట్టి తానే స్వయంగా కాంటన్ కార్యాలయంలో ఇచ్చి వచ్చాడు.

కాంటన్ వారి ఉత్తర్వు ఏప్రిల్‌లో వచ్చింది. హెర్ గీగర్ దాన్ని సభలో బిగ్గరగా చదవడం మొదలుపెట్టాడు.

"సంఘము వారు సమర్పించిన ఆధారములు మిక్కిలి సంతృప్తికరముగా నున్నవి. గ్రామస్థులకు ఏమియు తెలియదని నిస్సందేహముగా ఋజువైనది."

హాలంతా చప్పట్లు మోగాయి.

"అయితే," అని చదివి హెర్ గీగర్ గొంతు సవరించుకున్నాడు, "మీ గ్రామ నిబంధనావళి ఏడవ నిబంధనలో, 'ఈ పరీక్షయందు నలభైకి ఇరువది యెనిమిది మార్కులు రానివారు, వారు ఎవరైనను సరే, ఈ గ్రామ పౌరులు కాజాలరు' అని యున్నది. నిబంధన నిబంధనయే. సదరు నూట నలభై రెండు మంది పౌరసత్వము నేటి నుండి రద్దగుచున్నది. ఉత్తీర్ణుడైన ఏకైక వ్యక్తి శ్రీ బొండాడ భీమేశ్వరం గారికి అభినందనలు."

'వారు ఎవరైనను సరే' అన్న ముక్క హెర్ గీగర్ సొంత రచన. సభ్యుల బావమరుదులు దొడ్డిదారిన దూరకుండా ఆయనే పట్టుబట్టి చేర్పించాడు. చప్పట్లు కొట్టిన చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

ఆ విధంగా హింటర్‌గ్లోక్‌కు ఒకే ఒక్క పౌరుడు మిగిలాడు. సంతోషించేలోపే భీమేశం తలప్రాణం తోకకొచ్చింది. పౌరుల విధులు పౌరులే చెయ్యాలి. కొండదారిలో రాళ్ళు తీయడం, చర్చి గడియారానికి కీ ఇవ్వడం, ఊరి నీటితొట్టి కడగడం, అన్నీ అతని వంతే. శనివారం అగ్నిమాపక దళం కవాతు. గొట్టానికి ఈ చివర నీళ్ళు విప్పి, ఆ చివరకు పరుగెత్తి పట్టుకుని, మళ్ళీ వెనక్కి పరుగెత్తి కట్టాలి. దళపతీ తనే గనక, ఆలస్యమైనందుకు తనను తానే మందలించుకున్నట్టు రిజిస్టరులో రాసుకోవాల్సి వచ్చింది. చుట్టూ ఊరివాళ్ళు నిలబడి చూశారు. చెయ్యి వేద్దామన్నా వాళ్ళకు అర్హత లేదు.

అసలు సంకటం మే నెలలో మొదలైంది. మేతబీడు పౌరుల ఆవులకే. ఊళ్ళో ఆవులున్నవాళ్ళెవరూ పౌరులు కారు, పౌరుడికి ఆవుల్లేవు. కొట్టాల్లో గడ్డి అయిపోవస్తోంది. ఆవులు కొండవైపు మొహం పెట్టి అరుస్తున్నాయి. వాటి అరుపు వింటే ఏది అరుస్తోందో భీమేశానికి తెలిసిపోతోంది. ఆ తొంభై ఆరింటినీ అతను పేర్లతో ఎరుగును.

హెర్ గీగర్ వచ్చి గుమ్మం దగ్గర బూట్లు రెండుసార్లు తుడుచుకుని లోపలికొచ్చాడు. చేతిలో క్యారెట్ కేకు.

"పౌరుడు గారూ," అన్నాడు, ఎన్నడూ లేని వినయంతో. "నిబంధనల ప్రకారం గ్రామ మహాసభకు సర్వాధికారములు గలవు. ప్రస్తుతం మహాసభ అనగా తమరే. తమరు పరీక్షను రద్దుచేసి మాకు పౌరసత్వం ప్రసాదించినచో, తదుపరి సభలో మొదటి అంశం తమ గుడిసెయే. ఇది నా మాట."

ఆయన వెళ్ళాక తాయారు కేకు ముట్టుకోలేదు. "ఏవండోయ్, ముందా గుడిసె మీ పేర రాయించేసుకోండి. ఆ తర్వాత మీ దానధర్మాలు. మీరసలే మెతక మనిషి."

"అలాగేనే. మొదటి అంశం అదే పెడతాను."

ఆదివారం ఉదయం చర్చి ముందు మైదానంలో మహాసభ. అక్కడ ఓటు వెయ్యడం అంటే పెట్టెలో చీటీ వెయ్యడం కాదు. మైదానంలో తాడుతో గుండ్రంగా దడి కడతారు, పౌరులు దాని లోపల నిలబడి చేతులెత్తుతారు, మిగతావాళ్ళు బయట నుంచి చూస్తారు. ఆ తాడు లోపలికి ఆడవాళ్ళను రానివ్వడానికే ఆ ఊరికి ఏడువందల యేళ్ళు పట్టింది, అదీ పై కోర్టు మెడలు వంచితేగాని కుదరలేదు. ఇప్పుడు లోపల ఒక్క భీమేశం. బయట మొత్తం హింటర్‌గ్లోక్.

"మొదటి అంశం," అన్నాడు భీమేశం. "మేతబీడు మీది గుడిసె హక్కు బొండాడ భీమేశ్వరానికి ఇవ్వడం."

తాడు బయట నుంచి హెర్ గీగర్ వేలెత్తాడు. "క్షమించాలి. పద్నాలుగవ నిబంధన. స్వవిషయమున సభ్యుడు చెయ్యి ఎత్తరాదు. ఓటింగు సమయమున తాడు వెలుపలికి రావలెను."

భీమేశం తాడు దాటి బయటికొచ్చాడు. బయట నుంచి లోపలికి చూసి, "ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి," అన్నాడు. లోపల ఫ్రావ్ ఓడర్మాట్ పిల్లి ఒకటే కూర్చుని, కాలు పైకెత్తి నాక్కుంటోంది. ఆ కాలును లెక్కలోకి తీసుకోవచ్చా అని భీమేశం నిజంగానే ఆలోచించాడు. తీసుకోలేదు. అనుకూలం సున్నా, వ్యతిరేకం సున్నా. అంశం వాయిదా పడింది.

గుడిసె రావాలంటే చేతులు కావాలి. చేతులు కావాలంటే పౌరులు కావాలి. భీమేశం మళ్ళీ తాడు లోపలికెళ్ళాడు.

"అలా రాసిచ్చెయ్యకండీ," అని తాయారు బయట నుంచి కేకేసింది. "ముందు వాళ్ళచేత ఓ కాగితం రాయించుకోండి!"

"ఆవులు అరుస్తున్నాయే, తాయారూ. వాళ్ళు మనవాళ్ళే. పద్దెనిమిదేళ్ళ నుంచీ చూస్తున్నాం."

పరీక్షను రద్దు చెయ్యడానికి చెయ్యెత్తాడు. ఒకటి. ఏకగ్రీవం. నూట నలభై రెండు మందికి పౌరసత్వం ఇవ్వడానికి చెయ్యెత్తాడు. ఏకగ్రీవం. హెర్ గీగర్ కళ్ళు తుడుచుకున్నాడు. అందరూ వచ్చి భీమేశం చెయ్యి పట్టుకుని ఊపారు. ఆలోయిస్ అయితే కావలించుకుని, "పై వారం గుడిసె నీది భీమ్," అని చెవిలో చెప్పాడు. ఆ వారంలోనే ఆవులు గంటలతో కొండెక్కాయి. తొంభై ఆరింటినీ భీమేశమే ఎక్కించి, గంగాళం తోమి బోర్లించి, ఆదివారం సభకు దిగివచ్చాడు.

తాడు లోపల ఊరంతా నిండుగా ఉంది. హెర్ గీగర్ మళ్ళీ అధ్యక్ష స్థానంలో నిలబడ్డాడు. మాట తప్పే మనిషి కాదాయన.

"మొదటి అంశం, ఇచ్చిన మాట ప్రకారము, గుడిసె హక్కు. గుడిసె హక్కు పౌరులకే చెందును గనుక, ముందుగా శ్రీ భీమేశ్వరం గారి పౌరసత్వమును పరిశీలించవలసియున్నది. వీరు పరీక్ష ద్వారా పౌరులైరి. సదరు పరీక్షను గత సభ, వీరి సొంత చేతి మీదుగానే, రద్దు గావించినది. లేని పరీక్షలో ఉత్తీర్ణత ఎట్లుండును? కావున వీరి పౌరసత్వము చెల్లదని తీర్మానము."

"మరి ఆయనిచ్చిన మన పౌరసత్వం సంగతేంటి?" అని ఫ్రావ్ ఓడర్మాట్ కంగారుగా అడిగింది.

"సద్భావనతో పుచ్చుకున్నది చెల్లును," అన్నాడు హెర్ గీగర్. "అట్లే, బయటివారికి మాత్రమే వర్తించునట్లు నూతన పరీక్ష నొకదానిని రూపొందించవలసియున్నది. దానికి శ్రీ భీమేశ్వరం గారు నిరభ్యంతరంగా దరఖాస్తు చేసుకొనవచ్చును. ప్రశ్నల తయారీలో వారి సహకారమును కూడ కోరుచున్నాము."

 స్వవిషయం గనక భీమేశం తాడు బయటికి వచ్చాడు. అప్పుడొక చిక్కొచ్చింది. చేతులు లెక్కపెట్టేవాడు ఆ అంశంలో ఓటు లేనివాడై ఉండాలని ఇంకో నిబంధన. మైదానంలో అలాంటివాళ్ళు ఇద్దరే ఉన్నారు, మొగుడూ పెళ్ళాం. "నా వల్ల కాదండీ," అని తాయారు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగిపోయింది. కాబట్టి లెక్కింపు పుస్తకం భీమేశం చేతికే ఇచ్చారు. అతని నిష్పాక్షికత మీద సభకు పూర్తి విశ్వాసముందని హెర్ గీగర్ ప్రకటించాడు.

"తీర్మానమును ఆమోదించువారు చేతులెత్తవలెను."

భీమేశం లెక్కపెట్టాడు. అవన్నీ ఎరిగిన చేతులే. చలికాలంలో మంచు ఎత్తినప్పుడు కలిసి పారలు పట్టిన చేతులు, పోయిన ఆదివారం తన చెయ్యి పట్టుకుని ఊపిన చేతులు. ముందు వరస, మధ్య వరసలు, చర్చి మెట్ల దగ్గరివాళ్ళు. నూట నలభై ఒకటి దాకా వచ్చి ఆగాడు. తాడుకు ఇవతలి అంచున, తనకు మూరెడు దూరంలో, కుర్చీలో కర్ర పట్టుకుని ఆలోయిస్ కూర్చున్నాడు. కర్ర లేని చెయ్యి చెవి దాకా లేచి ఉంది.

"లెక్కింపుదారు గారు సంఖ్యను తెలుపవలెను."

భీమేశానికి ఏడుపొచ్చింది. పుస్తకంలో రాసి, బిగ్గరగా చెప్పాడు. "నూట నలభై రెండండి."

అప్పుడు ఆలోయిస్ చెయ్యి కిందికి దించి, తాడు మీదుగా వంగి, అతనికి మాత్రమే వినబడేట్టు అన్నాడు: "అందరివీ లేస్తుంటే దానంతటదే లేచింది భీమ్. దించుదామనుకునేలోపే నువ్వు లెక్కేసేశావు."